అవ్వ గోడ ముట్టద్దు

లేదక్కా, నేనేం ఏడుస్తలేను, హైదరాబాద్‌ల మంచిగనే ఉన్న. ఇయ్యాల గైడ్ సారు మా బడి ట్రిప్పోళ్ళందర్ని పాత కట్టడాలన్ని నడిపిచ్చి చూపిచ్చిండు. ఒక దేవిడీల, అదే పాత నవాబుల బంగ్లల, మట్టిగోడ కాడ ఆగి, "ఇట్ల కట్టేటోళ్ళు ఇప్పుడెవ్వరు లేరు" అన్నడు. నేను నోరు తెరవనని నీకెరుకే. అయినా అన్న, "ఉన్నది సార్, మా ఊరు మరైగూడల మా అవ్వ. పుట్టమన్నుల ఊక కలిపి, నానేసి తొక్కుతది." అందరు నవ్విన్రు. సారు నవ్వలే, అవ్వ పేరు రాసుకున్నడు.

సర్కారు ఆవాస్ ఇల్లు మంజూరైందని నాయిన అవ్వ మట్టి ఇల్లు కూలగొడతడంట గదా. నేనొచ్చిందాక గడ్డపార ముట్టద్దని చెప్పు. కొత్తది పెరట్ల కట్టుకోమను. తిడితే తిట్టనీ. అవ్వ మోకాలు నొప్పి తగ్గిందా? నా కోడి పొదిగి పిల్లల్ని లేపిందా? అవ్వకు దండాలు. ఈడ ఎక్కడెక్కడి జనమో వచ్చి మట్టిగోడ చూసి పోతున్నరక్కా, మనదెందుకు పడగొట్టాలె, నువ్వే చెప్పు?