పార్కింగ్‌లో ముఖ్య అతిథి

అల్ఫారెట్టా

తెలుగు సంఘం అధ్యక్షులు శ్యామ్‌సుందర్ గారికి,

ఉగాది సభకు నేను పిలిచిన ముఖ్య అతిథి ఎల్విన్ ప్రూట్ రాలేదని మైకులో చెప్పి, ఆయన శాలువా మీ బావమరిదికి కప్పారు. ఆయన గంట ముందే వచ్చారు. పాత ట్రక్కు, వెలిసిన టోపీ చూసి "యూ ఆర్ లేట్" అంటూ పార్కింగ్ వాలంటీర్ల జాకెట్ తొడిగించింది మీరే. ఊరంతా ప్రేమించే ఆ రిటైరైన బేస్‌బాల్ ఆటగాడు, నవ్వుతూనే రెండు గంటలు ఎండలో మన కార్లు సర్దారు. మీ కారుకు నీడ కూడా వెతికిపెట్టారు.

సంగతి బయటికి పొక్కనివ్వొద్దని ఫోన్‌లో బతిమాలారు. ఆయన కూడా వదిలేయమన్నారు. నేను ఆయనంత మంచివాణ్ణి కాను. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. గది గోడ నిండా ఆయన ఫోటోలు అంటించుకున్న మీ అమ్మాయి నిధికి మాత్రం అంతా చెప్పాను. ఇవాళ భోజనాల దగ్గర తనకే సంజాయిషీ ఇచ్చుకోండి.

ఇట్లు,
ఆ శాలువా ఎంచి తెచ్చిన సభ్యుడు