దీవిలో గొడుగుల కంపెనీ

పిచ్చుకా,

నాయనమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, మీ చిన్నతాత ఒక్కడు తప్ప. ఆయన క్షేమం తగ్గినకొద్దీ నాకు ఆకలి పెరుగుతోంది.

మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగావు. ఎందుకు తగ్గుతుంది, అద్దె కట్టక్కర్లేని ఇల్లు దొరికాక? మీ అమ్మ సంగతి చివర్లో చెబుతాను. ముందుకు గెంతి చదవకు, నీకు ఆ అలవాటుంది.

పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన మాట గుచ్చుకుంది. "అమ్మను గేటు దగ్గర ఆపి, పనివాళ్ళందరి ముందూ చేతిసంచి బోర్లించిన మనిషితో ఒకే బల్ల మీద ఎలా భోంచేస్తున్నావు నాయనమ్మా?" అని. భోంచేస్తూనే ఆలోచించాను తల్లీ. ఆకలితో పగ పట్టకూడదు, తొందరపాటు వస్తుంది.

మీ నాన్న పోయాక గొడుగుల కార్ఖానాను నిలబెట్టింది మీ అమ్మ. ఎంత గాలికీ తిరగబడని ఊచలు తయారుచేయించింది ఆవిడే. జనం చిలక గుర్తు గొడుగే కావాలని అడుగుతున్నారంటే అదంతా ఆ ఊచల చలవ. ఆ సంచిలో దొరికిందేమిటి? ఒక దువ్వెన, జలుబు మాత్రలు. అయినా మీ చిన్నతాత ఆవిడను మర్నాటి నుంచి రావద్దన్నాడు.

ఎందుకో తర్వాత తెలిసింది. మీ తాతయ్య మంచితనం వల్ల చిలక గుర్తు మొదటినుంచీ తమ్ముడి పేరునే ఉంది. మీ చిన్నతాత దాన్ని సముద్రం అవతల ఒక దీవిలో పెట్టబోయే కంపెనీకి మార్చాలనుకున్నాడు. ఇక గుర్తు లేని కార్ఖానాలో మీ అమ్మ సగం వాటా అంటే చిల్లుగొడుగులో సగం నీడ.

కంపెనీలో తన పేరు కనబడితే మీ అమ్మ కోర్టుకెక్కుతుందని భయం. కొడుకులను నమ్మడు. అందులో ఆయన తప్పేం లేదు, పెంచింది ఆయనే కదా. అందుకని నా దగ్గరికొచ్చాడు.

"వదినా, ఇక్కడో సంతకం. ఎగుమతుల పని."

"దేనికయ్యా?"

"ఈ వయసులో మీకెందుకు వదినా తలనొప్పి!"

చదివే పెట్టాను. బళ్ళో భూగోళం చెప్పినదాన్ని. పటంలో చీమ తలకాయంత ఉండే ఆ దీవిలో కంపెనీలు ఎందుకు పుడతాయో నాకు తెలియదా? వాటాలన్నీ నావి, డైరెక్టర్నీ నేనే. నోరు మూసుకున్నాను.

అక్కడి వాళ్ళకు ఒక పట్టింపు ఉంది. అసలు యజమానిని ఫోన్ తెర మీద చూసి, ప్రశ్నలడిగి, రికార్డు చేసుకున్నాకే కంపెనీని రిజిస్టర్ చేస్తారు. మీ చిన్నతాత నన్ను ముందుగదిలో కూర్చోబెట్టి పాఠం అప్పజెప్పించుకున్నాడు.

"'కంపెనీ నాదే. నా వెనుక ఎవరూ లేరు.' తడబడకుండా అనండి వదినా."

"వెనుక గోడ ఉందిగా?"

"జోకులొద్దు వదినా, నా ప్రాణం మీదికి తెస్తారు!"

తెర మీద ఒక మర్యాదస్తురాలు కనబడింది. "అమ్మా, మీ చేత ఎవరైనా ఇది చేయిస్తున్నారా?" అని అడిగింది. ఆయన తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "లేదండీ. అంతా నాదే. నా వెనుక ఎవరూ లేరు" అన్నాను. ఎంత బాగా అన్నానంటే, ఆయన చప్పట్లు కొట్టబోయి ఆగాడు. వారం తిరక్కుండా చిలకను ఆ కంపెనీకి రాసిచ్చేశాడు.

ఇక నీకు చెప్పకుండా దాచినది. గుర్తు చేతికొచ్చాక, యజమానిగా ఆ మర్యాదస్తురాలికి నేనే మళ్ళీ ఫోన్ చేశాను. వాటాలన్నీ మీ అమ్మ పేరుకు మార్పించాను. కార్ఖానాను మీ అమ్మ నడిపితేనే చిలక గుర్తు వాడుకోవచ్చని, మీ చిన్నతాత అక్కడ ఉంటే కుదరదని రాయించాను. అంతా అయ్యాకే మీ అమ్మకు చెప్పాను. "ఎందుకత్తయ్యా, పెద్దాయన" అంది. ఆవిడ మంచిది. నాకు ఆ జబ్బు లేదు.

ఆయన చెప్పులతోనే నా గదిలోకి దూసుకొచ్చాడు. "వదినా! అది నా కంపెనీ!"

"అలాగా? ఆ దీవి ఆవిడకు ఫోన్ కలుపుతాను. మా వదిన చేత అబద్ధం చెప్పించానని నువ్వే చెప్పు. రికార్డు వాళ్ళ దగ్గరుంది."

గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు విడిచొచ్చాడు. ఇన్నేళ్ళలో మా మరిది అంత మర్యాదగా ఉండటం నేను చూడలేదు.

నిన్న కార్ఖానా గది ఖాళీ చేశాడు. నేను గేటు దగ్గర కుర్చీ వేయించుకున్నాను. పనివాళ్ళంతా మిషన్లు ఆపి బయటికొచ్చారు. మీ అమ్మ నా భుజం పట్టుకుని "పోనివ్వండత్తయ్యా" అంటూనే ఉంది.

"సంచి బోర్లించవయ్యా" అన్నాను.

బోర్లించాడు. దువ్వెన లేదు, జుట్టుంటేగా! కళ్ళజోడు, మాత్రలు, ఒక మడత గొడుగు. బయట కుండపోత. ఆయన చెయ్యి ముందు గొడుగు మీదికే పోయింది.

"దాని మీద చిలక ఉంది. అది కంపెనీది. పెట్టేసి వెళ్ళు."

తడుస్తూ వెళ్ళాడు. మీ అమ్మ స్టోరు గది తీసి ఆయనకు ఇంకో గొడుగు పంపుతానంది. తాళంచెవి నా దగ్గరే ఉంది. వాన వెలిసేదాకా వెదికాను, దొరకలేదు.

ఒకే బల్ల మీద ఎలా భోంచేస్తున్నావని కదా నీ ప్రశ్న? రాత్రి ఆయన తుమ్ముకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నేను మారు వడ్డించుకున్నాను.

ఇట్లు,
వెనుక ఎవరూ లేని
మీ నాయనమ్మ