నెల్స్ వదలని గోలు

కెనడా, సస్కాచెవాన్ రాష్ట్రం, కార్‌డేల్ పట్టణం, మిల్లు వీధిలో ఉంటున్న ఓరెస్ట్ మజూర్ అనే నేను, ఎనభై ఒకటో ఏట, కళ్లు మసకేసినా మతి చెడకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ ఇక చెల్లవు.

1. ఇల్లు, ట్రక్కు, బ్యాంకులో ఉన్నదంతా నా కూతురు లరిస్సాకు. దీన్ని అమలు చేసే బాధ్యతా ఆమెదే.

2. మా ఆవిడ పిండి జల్లించుకున్న జల్లెడ నా బావమరిది డెన్నిస్‌కు. మా గోల్‌కీపర్ నెల్స్ హాల్వర్సన్ కనబడితే చాలు, డెన్నిస్ ముప్పై ఎనిమిదేళ్లుగా అతన్ని ఏ గోలూ ఆగని "జల్లెడ" అని వెక్కిరిస్తున్నాడు. అసలు జల్లెడ ఎలా ఉంటుందో ఇంట్లో పెట్టుకుని చూసుకోవాలి.

3. నెల్స్ పద్నాలుగేళ్లు కార్‌డేల్ ఐస్ హాకీ జట్టుకు జీతం మీద గోలు కాశాడు. మొదటి ఆరేళ్లు ముఖానికి మాస్కే లేదు. ఒకసారి పెదవి చీలితే గదిలోకెళ్లి తొమ్మిది కుట్లు వేయించుకొచ్చి, మిగతా ఆటంతా ఒక్క గోలూ పోనివ్వలేదు. అంతటివాణ్ణి మళ్లీ చూడలేదు. అతని వెనక, అద్దం అవతల కూర్చుని, గోలైతే ఎర్రదీపం వెలిగించే పని నాది. అక్కడ కాళ్లకు కప్పుకున్న గొర్రెతోలు ఇప్పుడా పని చేస్తున్న కోరీన్‌కు. ఆ మూల చలి మోకాళ్లను వదలదు.

4. ఇక అసలు సంగతి. 1971 మార్చి, కప్పు ఫైనల్, అదనపు సమయం. ముందు గోలు కొట్టినవాళ్లదే కప్పు. కాలు జారకుండా నెల్స్ గోలు ముందు మంచును స్కేట్లతో గీకి గరుకు చేసుకునేవాడు. ఆ పొడి ఆ రోజు గోలు గీత మీద కుప్పపడింది. బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల వచ్చి, అతని కాలికి తగిలి, ఆ పొడిలో ఆగింది. గీత కనబడలేదు. దాటిందనుకుని దీపం వెలిగించాను. రిఫరీ ఇంక తిరిగి చూడలేదు. అవతలి జట్టు గంతులేస్తుండగా నెల్స్ పొడి పక్కకు తోశాడు. బిళ్ల గీత మీదే ఉంది. పూర్తిగా దాటితేనే గోలు. చూసింది మేమిద్దరమే. నోరు విప్పాల్సింది నేను. విప్పలేదు.

ఆట అయ్యాక అతనే నా దగ్గరికొచ్చాడు.

"నీకు కనబడిందే వెలిగించావు అన్నా. ఇంటికెళ్లి వేడిగా సూప్ తాగు. ఊళ్లోవాళ్ల సంగతి నాకొదిలెయ్" అన్నాడు.

కప్పు పోగొట్టాడన్న పేరు అతనే మోశాడు. నిజం చెప్పేస్తానని మూడుసార్లు అన్నాను, మూడుసార్లూ వద్దన్నాడు. వద్దంటే నాకూ హాయిగానే ఉండేది. సిగ్గుతో రాస్తున్నాను.

5. నేను పోయాక జరిగే తొలి ఆటలో, లరిస్సా రింకు మైకులో నాలుగో అంశం మొత్తం చదవాలి. నెల్స్ అక్కడ ఉండాలి. వద్దని లేస్తే కూర్చోబెట్టాలి.

6. నెల్స్‌కు ఏమీ రాయడం లేదు. పుచ్చుకునేవాడు సాక్షిగా ఉండకూడదంటుంది చట్టం. ఆ గీతను చూసిన రెండో మనిషి సాక్షిగా ఉండి తీరాలి. అందుకే మొత్తం చదివించి సంతకం చేయిస్తున్నాను.

కార్‌డేల్, 14 నవంబరు 2009
(సంతకం) ఓరెస్ట్ మజూర్

సాక్షులు:
వీరా ఫ్రీసెన్, నోటరీ
నెల్స్ హాల్వర్సన్, రిటైరైన స్కూలు బస్సు డ్రైవరు

(నెల్స్ సంతకం కింద, అతని చేతిరాతలో) అంతా చదివాను. ఓరెస్ట్ అన్న నా ఎదుటే సంతకం చేశాడు. ఆ గోలు మాత్రం నేను వదిలిందే.