మూత ఎత్తే ముందు

మార్చి 3
అక్క ఆసుపత్రి నుంచి వచ్చింది. కుడి ముంజేతికి కట్టు. కనుబొమ్మలు లేవు. అద్దంలో చూసుకుని, ఒలిచిన గుడ్డులా ఉన్నానే అంది. నవ్వాలో వద్దో తెలియక టీ పెట్టడానికి వెళ్లాను.

జరిగింది ఇది. శనివారాల్లో అక్క పెరట్లో మాంసం కాల్చి అమ్ముతుంది. బొగ్గులతో మండే సిరామిక్ గ్రిల్. గోడలూ మూతా అంతా మందపాటి సిరామిక్కే. బావ దాన్ని బానపొట్ట అంటాడు. మొన్న మంట తగ్గించాలని కింది గాలి తలుపూ పైదీ మూసింది. కాసేపాగి మూత ఒక్కసారిగా ఎత్తేసింది. గాలి దొరక్క అణిగి ఉన్న మంట ఒక్క ఉదుటున బయటికి ఎగిసింది. ఏళ్ల తరబడి చేస్తున్న పనే. ఆ రోజు ఏదో తొందర.

మార్చి 9
బావ గ్రిల్ అమ్మేస్తానన్నాడు. ఆ కేక మళ్లీ వినే ఓపిక తనకి లేదన్నాడు. అక్క లేచి వెళ్లి పెరటి కిటికీకి తెర లాగేసింది.

నేను నేర్చుకుంటానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే మనిషిని. బావ నన్ను ఎగాదిగా చూసి, సరే, నెలాఖరు దాకా చూద్దాం మరదలా అన్నాడు.

మార్చి 16, ఉదయం
నూట ఇరవై డిగ్రీలు కావాలి. గాలి తలుపులు రెండూ బార్లా తెరిచాను. మూత మీది మీటర్‌లో ముల్లు చకచకా ఎక్కింది. ఇంతేనా అనుకుని ఫోన్ చూసుకున్నాను. తలెత్తేసరికి రెండు వందల ముప్ఫై. అన్నీ మూసేశాను. ముల్లు కదిలితే ఒట్టు. కోడి బొగ్గయింది.

సాయంత్రం
ఎంత దగ్గర మూశావే అని అక్క మంచం మీంచే అడిగింది. రెండొందలు దాటాక అన్నాను. తొంభై దగ్గరే తగ్గించడం మొదలెట్టాలి, అది వేడి పట్టుకుందంటే ఓ పట్టాన వదలదు అంది. దాని ఊసెత్తడం ఇదే మొదలు.

మార్చి 17
పాత బూడిద తీయడం మరిచాను. గాలాడక మంట చచ్చింది.

మార్చి 24
బొగ్గుల్లో ఒక్కచోటే అంటించాను. తొంభైకి కింది తలుపు వేలెడు సందుకి తెచ్చాను, పైది అంతకన్నా తక్కువ. ముల్లు నెమ్మదించింది. నూట పదిహేను. మళ్లీ కదపబోయాను. దాన్ని ముట్టుకోకు, చేతులు కట్టుకుని కూచోవే అని వెనక నుంచి అరుపు. చూస్తే కిటికీ తెర పక్కకి ఉంది.

కూచున్నాను. నూట ఇరవై. అక్కడే నిలబడింది. చాలాసేపు. క్లినిక్‌లో ఎవరూ అంత బుద్ధిగా కూర్చోరు.

మూత ఎత్తాల్సి వచ్చింది. చెయ్యి పోలేదు. బావ నీళ్ల బకెట్‌తో తయారు. నీళ్లు పోస్తే పగిలి చస్తుందండీ, అవతల పెట్టండి అంది అక్క. తర్వాత నాతో మెల్లగా చెప్పింది. సందు మాత్రం ఎత్తు. ఆగు. గాలి పోనీ. మళ్లీ దించు. ఇంకోసారి. ఊఁ, ఇప్పుడెత్తు.

ఏమీ కాలేదు. పొగ, కమ్మటి వాసన. మాంసం వేలితో తాకితే విడిపోయింది. వెనక్కి తిరిగితే కిటికీలో అక్క లేదు. బాత్రూంలో కుళాయి విప్పిన చప్పుడు. తలుపు కొట్టొద్దని బావ సైగ చేశాడు.

మార్చి 31
గ్రిల్ చూడటానికి ఒకాయన వచ్చాడు. బావ ముందే మాటిచ్చాడట, వద్దని చెప్పలేకపోయాడట. ఆయన మూతని పుచ్చకాయలా తట్టి చూశాడు. బాగుంది, తీసుకెళ్తా అన్నాడు.

అక్క గడప దాటి పెరట్లోకి వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇదే మొదటిసారి. మండుతున్నప్పుడు దీన్నెలా తెరుస్తారండీ అని అడిగింది. ఏముందమ్మా, పిడి పట్టుకుని ఎత్తడమే అన్నాడు.

అయితే మీకివ్వను అంది.

ఆయన నవ్వాడు. అక్క నవ్వలేదు. బావ ఆయన్ని గేటు దాకా దిగబెట్టి, వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు.

ఏప్రిల్ 6
శనివారం. అక్క నా చేతిలోంచి పట్టకారు లాక్కుంది. మూత సందు మాత్రం ఎత్తి ఆగింది, మళ్లీ దించింది. ఇంకోసారి. అప్పుడు ఎత్తింది. నన్ను ఉల్లిపాయలు తరగమంది.