సావుకారి బండి అద్దం

చీపురుపల్లి,
ఆదివారం.

అప్పకు,

నీ తమ్ముడు అప్పలరాజు దణ్ణాలు పెట్టి రాసేది. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారనే తలుస్తున్నాను. నాన్న దగ్గు తగ్గిందా? బావ వేటకి వెళ్తున్నాడా, ఇంకా ఇంజను బాగుచేయించుకుంటూ ఒడ్డునే కూర్చున్నాడా? నేను బాగానే ఉన్నాను. అన్నం దొరుకుతోంది, పని దొరుకుతోంది, పడుకోవడానికి చోటుంది. నా గురించి బెంగ పెట్టుకోకు.

ఇంతవరకూ నాన్న వినేలా గట్టిగా చదువు. ఇక్కడి నుంచి పెరట్లోకి పోయి చదువుకో. ఫోను ఎందుకు చెయ్యలేదని అనుకుంటావు. ఫోను మోగితే చాలు, నాన్న నీ చేతిలోంచి లాక్కుని "ఎవుడ్రా, రాజుగాడా?" అంటాడు. ఇది ఆయనతో చెప్పలేని మాట. అందుకే రాసి, ఇక్కడి సంతకి ఎండు చేపలు తెచ్చే మన నూకాలత్త చేతికిస్తున్నాను. దీంతోపాటు గుడ్డలో చుట్టిన చిన్న మూట ఇస్తుంది. ఉత్తరం అంతా చదివాకే విప్పు. పిల్లల చేతికి అందనీకు.

ఈ ఊరు నాకింకా ఒంటబట్టలేదు. గాలన్నది లేదు. మధ్యాహ్నం మా బండ్లు బాగుచేసే షెడ్డు రేకుల కింద నిలబడితే బుర్ర ఉడికిపోతుంది. చేపలని చెప్పి ఇక్కడ అమ్మేది నువ్వు పిల్లికి కూడా వెయ్యవు. ఐసులో పడి పడి కళ్లు తెల్లబడిపోయి ఉంటాయి. హోటల్లో సాంబారు మొహాన కొట్టినట్టు పోస్తారు. సాయంత్రం స్టేషనుకి పోయి వచ్చే పోయే రైళ్లు చూస్తాను. మాట్లాడే మనిషి మా మేస్త్రీ ఒక్కడే. ఆయన మాట్లాడేవన్నీ తిట్లే. అయినా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

పోయిన నెల షెడ్డుకి ఒక పాత పికప్పు బండి వచ్చింది. నడిచే స్థితిలో లేదు, లారీ మీద కట్టి తెచ్చారు. చూడగానే పోల్చుకున్నాను. చిన్నప్పుడు నువ్వూ నేనూ వెనక ఐసు పెట్టెల మీద గోనె పరుచుకుని నరసన్నపేట వెళ్లిన బండి. నాన్న తోలిన సావుకారి బండి. ఆయన కళ్లు తీసిన బండి.

పెద్ద సావుకారు పోయాడు కదా. కొడుకు, అదే మన చిన సావుకారు, ఐసు ఫ్యాక్టరీ అమ్మేసి నరసన్నపేట దగ్గర హైవే మీద పెద్ద హోటలు కడుతున్నాడు. గుమ్మం ముందు ఈ బండి తళతళలాడుతూ నిలబెడతాడట. తినడానికి వచ్చినవాళ్లు పక్కన నిలబడి ఫోటోలు తీసుకోవాలట. చేపల బండి అని మాత్రం ఎవరికీ తెలియకూడదు. తాతగారి షికారు బండి అని బోర్డు కూడా రాయించేశాడు. ఇన్నాళ్లూ మన చేపలు అమ్ముకుని తిన్న నోటితోనే ఆ మాట అన్నాడు.

బండి ముందరి అద్దం పని నాకిచ్చాడు మేస్త్రీ. నాన్న కళ్లు పోయిన నాటి నుంచీ బండి ఫ్యాక్టరీ వెనక పడి ఉందేమో, పాత రబ్బరు అలాగే ఉంది. దాన్ని కోసి లాగుతుంటే గాడిలోంచి అద్దం ముక్కలు రాలాయి. ఒకటి నా వేలంత పొడుగుంది, కొడవలి మొనలా ఉంది. మేస్త్రీ దాన్ని వెలుగుకి పెట్టి చూశాడు.

"ఇదెవుడెట్టేడ్రా? ఇది బండద్దం కాదు. దేవుడి పటాలు కడతారు సూడు, ఆ కొట్లో కోయించిన అద్దం. బండద్దం పగిల్తే కల్లుప్పులాగ రాల్తాది, నేకపోతే జల్లెడలాగ అంటుకొని ఉండిపోతాది. ఇది పగిల్తే కత్తులే. ఈ బండి తోలినోడు బతికున్నాడా?"

"ఉన్నాడు. మా నాన్నే" అన్నాను.

ఆ రోజు మేస్త్రీ నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

నీ పెళ్లినాడు ఎవరో రాయి విసిరి బండి అద్దం పగలగొట్టారు, గుర్తుందా? నాన్న పెళ్లి పనుల్లో ఉండగానే సావుకారు కొత్తది వేయించేశాడు. కలకత్తా నుంచి తెప్పించాడని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. తర్వాత ఆ కల్వర్టు దగ్గర గేదె అడ్డం వచ్చింది, బ్రేకు వేశాడు, బండి చెట్టుకి తగిలింది. బంపరు వంగింది, అంతే. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, అద్దం మొహాన పగిలి కళ్లే పోయాయి. ఆసుపత్రిలో సావుకారు వచ్చి "కునుకు తీసుంటావురా, పోన్లే, నానేటీ అన్ను" అన్నాడు. నాన్న ఆ మాటే పట్టుకున్నాడు. నాను నిద్దరోయేను, సావుకారు బండి పాడుసేసేను, అయినా ఒక్క మాటన్నేదు అని ఇన్నేళ్లూ అదే పాట. ఇప్పటికీ మంచి రొయ్య పడితే ముందు సావుకారింటికి పంపమని నీ ప్రాణం తీస్తాడు. ఎప్పటికైనా కబురు వస్తుందని తన డ్రైవరు కాకీ చొక్కా పెట్టెలో దాచుకున్నాడు. దాన్ని నువ్వు ఉతికి మడతపెట్టి ఇస్తూనే ఉన్నావు.

కొత్త అద్దం, రబ్బరు, స్టీలు పట్టీ ఈసారి నిజంగానే కలకత్తా నుంచి వచ్చాయి. నాన్న కళ్ల కోసం రానివి హోటలు గుమ్మం కోసం వచ్చాయి.

ఆ అద్దం ఎక్కించడం ఒక పద్ధతి. ముందు దాని చుట్టూ రబ్బరు తొడిగి, మెరిసే స్టీలు పట్టీని రబ్బరు గాడిలోకి అప్పుడే ఎక్కించెయ్యాలి, తర్వాత ఎక్కదు. రబ్బరు లోపలి అంచులో చుట్టూ తాడు పెట్టి, అద్దాన్ని బండికి ఆనించి, ఒకడు బయట నుంచి అరచేత్తో తడుతుంటే ఇంకొకడు లోపల కూర్చుని తాడు లాగాలి. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు అంచు రేకు మీదకి తిరగబడి కూర్చుంటుంది. మేస్త్రీ ఇచ్చిన తాడు తెగిపోతే మన వల దారం పేని వేశాను. జారడానికి సబ్బు నీళ్లు రాస్తారు. ఆ ఎండకి నీళ్లు రాసినచోటే ఆరిపోతున్నాయి. చేతుల పగుళ్లకని నువ్వు పంపిన సొరచేప నూనె సీసా నా దగ్గరే ఉంది. పడవకి పూసే నూనె కదా, చెక్కకి మంచిదైతే రబ్బరుకి చెడ్డదా అనుకుని చుట్టూ బాగా పట్టించాను. అద్దం ఎంత హాయిగా కూర్చుందో చెప్పలేను. నాన్న కూర్చునే సీట్లోనే కూర్చుని తాడు లాగాను అప్పా.

మర్నాటి ఎండకి బండంతా ఒకటే కంపు. మన ఒడ్డు కంపు. ఆ నూనెకి రబ్బరు ఉబ్బిపోయి అద్దాన్ని పట్టేసుకుంది. తియ్యాలంటే రబ్బరు కొయ్యాలి, కొత్తది మళ్లీ కలకత్తా నుంచి రావాలి, హోటలు తెరిచేలోగా అది రాదు. మేస్త్రీ తిట్టిన తిట్లు ఆడపిల్లకి రాసేవి కావు.

నిన్న చిన సావుకారు చూడ్డానికి వచ్చాడు. అద్దం చూసి, పట్టీ మీద వేలు రాసి మురిసిపోయాడు. లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు. వెంటనే ముక్కు పట్టుకుని దిగిపోయాడు.

"ఏటిది, సేపల కంపు కొడతన్నాది? అన్నిసార్లు కడిగించేను గదా."

"పాత బండి గదా బాబూ, రేకులోకి దిగిపోనాది" అని మేస్త్రీ నన్ను కాపాడాడు.

చిన సావుకారు కాసేపు ఆలోచించి నవ్వాడు. "మా పాత డ్రైవరొకడుండీవోడు, గుడ్డోడు. ఉన్నాడేటి ఇంకా? ఆడికి కాకీ సొక్కా తొడిగి స్టీరింగు కాడ కూకోబెడదాం. ఫొటోలకీ బాగుంటాది. కంపేటని ఎవులైనా అడిగితే ఆడిదే అనుకుంటారు."

"ఆయన ఈ కుర్రోడి తండ్రే బాబూ" అన్నాడు మేస్త్రీ.

సిగ్గుపడతాడనుకున్నాను. "అలాగా, మరింకేటి" అన్నాడు. "మీ అయ్య నిద్దరోయి బండి గుద్దీసినా మా నాన్న ఒక్క మాటన్నేదు తెల్సా. అంత మంచోడు. శుక్రవారం కారు అంపుతాను, తయారుగుండమను." నా భుజం తట్టి, ఆ చేతిని రుమాలుతో తుడుచుకున్నాడు.

ఆ అద్దం ముక్క నా జేబులోనే ఉంది. తీసి ఆ నవ్వే మొహం ముందు పెట్టాల్సింది. "సరే బాబూ" అన్నాను. నా నోరు పడిపోనూ, ఆ మాటే వచ్చింది.

నాన్న సంగతి నీకు తెలుసు. కారు వస్తే చిన్నపిల్లాడైపోతాడు. సావుకారింటి నించి కబురొచ్చిందని గుమ్మం గుమ్మానికీ చెప్తాడు. ఆ బండిలో కూర్చుని సొర నూనె వాసన పీల్చి "నా బండే" అని మురిసిపోతాడు. పక్కన ఫోటోకి నిలబడినవాళ్లు ముక్కు మూసుకోవడం ఆయనకి కనిపించదు. ఆ కంపు పట్టించింది నేను. జ్వరమని చెప్పి పంపకు అని రాద్దామనుకున్నాను. వింటాడా? కర్ర పట్టుకుని తనే రోడ్డెక్కుతాడు.

బావకి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. వీధిలో పెద్దవాళ్లందరినీ అడిగానని చెప్పు. నూకాలత్త తిరిగి వచ్చేటప్పుడు కొంచెం ఎండు మెత్తళ్లు, ఒక ఉండ వల దారం పంపించు. సొర నూనె వద్దు. పెద్దదానివి, నన్ను చల్లగా ఉండమని ఒక మాట అనుకో.

ఇప్పుడు మూట విప్పు. జాగ్రత్త, చెయ్యి తెగుతుంది. శుక్రవారం లోపు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, దాన్ని నాన్న చేతిలో పెట్టు. బండి అద్దం గాడిలోంచి వచ్చిందని మాత్రం చెప్పు, ఇంకేమీ చెప్పకు. అన్నేళ్లు బండి తోలిన మనిషి, అంచు తడిమితే ఏ అద్దమో ఆయనకే తెలుస్తుంది. తర్వాత కూడా వెళ్తానంటే ఆపకు. చొక్కా బొత్తాలు నువ్వే పెట్టి పంపించు.

నీ తమ్ముడు,
అప్పలరాజు