స్టూలు మీద అక్క

ప్రియమైన మొండి తమ్ముడికి,

ఫోను చేసినప్పుడల్లా మరదలు ఎత్తి, "స్నానం చేస్తున్నారు వదినా" అంటోంది. పాపం, తనకి అబద్ధమాడటం చేతకాదు. వెనక నీ దగ్గు వినబడుతూనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం. చింపినా చదివే చింపుతావని నా ఆశ.

ఆఫీసు సంగతులు చెప్తాను. మనిద్దరం మేడమీద అద్దెగదిలో మొదలుపెట్టిన కంపెనీయేనా ఇది అనిపించింది, బోర్డు మళ్ళీ పిలిస్తే తిరిగొచ్చిన మొదటిరోజు. ఎన్ని రకాల కంప్యూటర్లు చేస్తున్నామో అమ్మేవాళ్ళకే తెలీదు. బోర్డు ఒత్తిడి మీద నువ్వు చేసినవేనని తెలుసు, నిన్ను తప్పుపట్టడం లేదు. అన్నీ ఆపించేశాను. ఒక్కటే చేద్దాం, సరిగ్గా చేద్దాం అన్నాను. నా గది తలుపు పీకించి దాన్నే బల్లగా వేయించుకున్నాను. నాకు పిచ్చి ముదిరిందని క్యాంటీన్లో చెప్పుకుంటున్నారట.

ఇంకో రూలు పెట్టాను, వింటే నవ్వుతావు. మన కంప్యూటరు కొన్నవాళ్ళు పిలిస్తే, దాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకరు వాళ్ళింటికి వెళ్ళాలి. వాళ్ళు పెట్టె విప్పి, వైర్లు తగిలించుకుంటూ తిప్పలు పడుతుంటే ఓ మూల కూర్చుని చూడాలి. నోరు విప్పకూడదు, వేలు పెట్టకూడదు. మడతపెట్టే స్టూలు కూడా మనమే చంకలో పెట్టుకుని వెళ్ళాలి. మన స్క్రీను ఇంజనీరు, అదే వాగుడుకాయ, మొదటిసారి వెళ్ళొచ్చి, "ఇంకోసారి పంపిస్తే రాజీనామా చేస్తాను మేడం" అన్నాడు. మర్నాడు ఎవరూ చెప్పకుండానే స్క్రీను వంచే కీలు మార్చే పనిలో కూర్చున్నాడు.

నీ గది ఖాళీగానే ఉంది. ఎవర్నీ కూర్చోనివ్వలేదు. నన్ను వెనక్కి పిలిచి నిన్ను పంపించెయ్యాలని, ఆ రోజు నేను మీటింగుకి వెళ్ళేసరికే బోర్డువాళ్ళు తేల్చేశారని చెప్పాను కదా. నా చేతిలో ఏముంది చెప్పు? అయినా ముద్ద దిగడం లేదురా.

నీ అక్క

*

తమ్ముడికి,

జవాబు రాలేదు. రాదని తెలిసీ రోజూ రిసెప్షన్లో అడుగుతున్నాను.

నిన్న నేనే స్టూలు పట్టుకుని వెళ్ళాను. బట్టలు కుట్టే ఆవిడ ఇల్లు. మన పాత మోడలు కొనుక్కుంది. "చేసినవాళ్ళే వచ్చి, చెప్పకుండా కూర్చుంటారేంటమ్మా?" అంది. రూలండీ అన్నాను. "బాగుంది సంబడం!" అని పనిలో పడింది. వైర్లన్నీ చక్కగా తగిలించింది. స్విచ్ మాత్రం దొరకలేదు. ముందువైపు వెతికింది, పక్కలు తడిమింది, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టింది. అది వెనక ఉందిరా. ముందుండాలని నువ్వు మొత్తుకుంటే, అందం చెడుతుందని వెనక్కి పెట్టించింది నేనే. నా చేతులు ఊరుకోవని వాటిమీదే కూర్చున్నాను. చివరికి ఆవిడ, "నాకే తెలివి లేదమ్మా" అని కళ్ళు తుడుచుకుంది. ఇక నావల్ల కాలేదు. లేచి వెళ్ళి స్విచ్ చూపించి, "తప్పు మీది కాదు, నాది" అన్నాను. పెట్టిన రూలు నేనే తప్పాను.

తిరిగొస్తుంటే బస్సులో నన్ను నేనే అడిగాను. పరాయి మనిషి ముందు నోరు మూసుకుని కూర్చోలేనిదాన్ని, నీ విషయంలో అంత తేలిగ్గా ఎలా కూర్చున్నాను?

నీకు అబద్ధం చెప్పానురా. నేను వెళ్ళేసరికి ఏదీ తేల్చలేదు. ఛైర్మన్ నన్నే అడిగాడు: "మీరు రావాలంటే మీ తమ్ముడు వెళ్ళాలి. మీరేమంటారు?" అని. నేను టీలో చెంచా తిప్పుతూ కూర్చున్నాను. నేను చక్కెర వేసుకోనని నీకు తెలుసు. ఊరికే తిప్పాను. "అయితే ఒప్పుకున్నట్టే" అన్నాడు. అప్పుడూ తలెత్తలేదు.

అప్పట్లో వాళ్ళు నన్ను కంపెనీలోంచి గెంటేసినప్పుడు నువ్వు బల్ల గుద్ది అరిచావు. నాతోపాటు వచ్చేస్తానన్నావు. మనవాళ్ళొకరైనా ఉండాలని నేనే బతిమాలి ఉంచాను. అలాంటి నిన్ను వదిలేశాను. నాకు కంపెనీ కావాలనిపించింది, నీకంటే ఎక్కువ కావాలనిపించింది. బోర్డు మీదకి నెట్టడానికి ఇందులో ఏమీ లేదు.

రేపు క్యాంటీన్లో అందరి ముందూ ఈ మాటే చెప్తాను. కొత్త మోడల్లో స్విచ్ ముందుకి తెస్తున్నాం. నిన్ను రమ్మని పిలిచే మొహం నాకు లేదు. తిట్టడానికైనా ఫోనెత్తు.

అక్క

*

అక్కా,

ఇన్ని నెలలూ రాయబుద్ధి కాలేదు, రాయలేదు.

నువ్వు చెప్పింది నాకు కొత్త కాదు. ఆ సాయంత్రమే ఛైర్మన్ ఫోన్ చేసి, "మీ అక్క కిమ్మనలేదయ్యా" అన్నాడు. ఆ తర్వాతే నువ్వొచ్చి, అంతా ముందే తేల్చేశారన్నావు. నేను "పర్లేదక్కా" అన్నాను, గుర్తుందా? ఆ ఒక్క మాట అనడానికి ఎంత కష్టపడ్డానో నీకు తెలీదు. నువ్వు మాట్లాడలేదని ఏడ్చాను. కానీ నేను ఫోనెత్తనిది అందుక్కాదు, తర్వాత నా కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పినందుకు.

నువ్వు క్యాంటీన్లో చెప్పిన రోజే వాగుడుకాయ ఫోన్ చేశాడు. చెప్తూ చెప్తూ మాటల్లేక ఆగిపోయాడు, వాడి జన్మలో మొదటిసారి. నా పాత ఉద్యోగం మాత్రం నాకొద్దు. నాకోసం ఇప్పుడు బోర్డుతో పోట్లాడకు. పోట్లాడాల్సిన రోజు దాటిపోయింది.

ఒక సంగతి. మీ కొత్త మోడలు నేనూ కొన్నాను, దుకాణంలో అందరితోపాటు వరసలో నిలబడి. పెట్టె ముందుగదిలోనే ఉంది. స్విచ్ చూస్తానని నీ మరదలు కత్తెర పట్టుకుని తిరుగుతుంటే నేనే ఆపాను. కొన్నవాళ్ళు పిలిస్తే చేసినవాళ్ళు రావాలి కదా. ఆదివారం రా. ఇంజనీర్లని పంపకు, నువ్వే రా. స్టూలు తెచ్చుకో, మా ఇంట్లో నీకు కుర్చీ వెయ్యను.

పెట్టె నెమ్మదిగా విప్పుతాను. విప్పుతున్నంతసేపూ నేను మాట్లాడతాను. చెప్పాల్సింది చాలా ఉంది. నువ్వు "ఒరేయ్, అది కాదురా" అనకూడదు. క్షమాపణలు చెప్పకూడదు. ఆ బట్టలు కుట్టే ఆవిడ దగ్గర రూలు తప్పినట్టు నా దగ్గర తప్పితే ఊరుకోను.

అంతా అయ్యాక భోజనానికి ఉండు. దానికి నోరు తెరవచ్చు.

నీ తమ్ముడు