ఓడ అడుగున రెండో గొంతు

స్టాక్‌హోమ్, ఆగస్టు 1983

ప్రియమైన ఒనోఫ్రె,

రోమ్‌లో నీ పాటల బృందం నిన్నింకా భరిస్తోందా? ఇక్కడ అప్పుడే స్వెట్టర్లు బయటికి తీశాం.

చిలీలో సైన్యం మన ప్రభుత్వాన్ని కూల్చి వచ్చే నెలకు పదేళ్లు. దేశం వదిలిన కళాకారుల జ్ఞాపకాలు ఇక్కడి రేడియోవాళ్లు రికార్డు చేస్తున్నారు. నేను ఆ ఓడ గురించే చెబుతాను. వల్పరైసో రేవులో మనల్ని బంధించిన ఓడ. ఇనుప గోడకు ఇవతల ఆడవాళ్లం, అవతల మీరు. నా పక్కన ఒక పచ్చి బాలింత వెక్కివెక్కి ఏడుస్తోంది. ఏం చెయ్యాలో తోచక మన బృందం పాట ఎత్తుకున్నాను. రెండో చరణంలో గొంతు పూడుకుపోయింది. సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో మంద్రంగా ఒక మగగొంతు అందుకుంది. తరువాత ఓడంతా పాడింది. గోడ మోగడం నా అరచేతులకు తెలిసింది.

ఆ గొంతు నీదే కదా! ఇన్నాళ్లూ థాంక్స్ అయినా చెప్పలేదు. రేడియోలో నీ పేరు చెప్పనా?

నీ రోసాల్బా

రోమ్, ఆగస్టు 1983

ప్రియమైన రోసాల్బా,

చెప్పకు. అది నేను కాదు. బూటుకాళ్ల దెబ్బలకు అప్పటికి నాకు మాటే పెగలడం లేదు. నిచ్చెన కింద పడి ఉన్నాను. తల ఎత్తి చూస్తే పైన కావలి నావికుడు. నడివయసు మనిషి. భుజాన తుపాకీ, చూపు సముద్రం మీద. పాడుతున్నది అతనే! పాట మొత్తం వచ్చు అతనికి.

అధికారి ఊగిపోతూ వచ్చాడు. "ఎవడ్రా ఆ పాడేది?"

"ఖైదీలండీ," అన్నాడు తొణక్కుండా.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తెలిసినా అతన్ని బతకనివ్వరు. నువ్వూ జాగ్రత్త.

నీ ఒనోఫ్రె

స్టాక్‌హోమ్, సెప్టెంబరు 1983

ప్రియమైన ఒనోఫ్రె,

నీ ఉత్తరం చదివి వంటగదిలో అలాగే నిలబడిపోయాను. పాలు పొంగిపోయినా కదల్లేదు. మనల్ని కాపలా కాసే మనిషి, ఆ తుపాకీతోనే, మనతో గొంతు కలిపాడా!

నిన్న రికార్డింగు అయింది. పాట సంగతి చెప్పాను. రేడియో అమ్మాయి ఊరుకుంటుందా?

"ఆ రెండో గొంతు ఎవరిదండీ?"

"మా బృందంలో వాడే," అన్నాను.

"పేరు గుర్తుందా?"

"లేదమ్మా. గొంతే గుర్తుంది. ఎక్కడున్నా చల్లగా ఉండాలి."

ఆదివారం ప్రసారం. షార్ట్‌వేవ్‌లో వల్పరైసోలో కూడా వినబడుతుందట.

నీ రోసాల్బా